బిల్లింగ్ కౌంటర్‌కు ట్యాబ్ స్టాండ్: ఏది కొనాలి, ఎప్పుడు చేయించుకోవాలి

ఏ ట్యాబ్ కొనాలి, ఏ బిల్లింగ్ యాప్ పెట్టాలి అని షాపుల వాళ్లు నలుగురినీ అడుగుతారు, వీడియోలు చూస్తారు, డెమోలు వేయించుకుంటారు. స్టాండ్ దగ్గరికి వచ్చేసరికి ఆన్‌లైన్‌లో పైన కనిపించినదాన్ని తెప్పించేస్తారు. కొన్నాళ్లకు దాని కిందికి మడిచిన అట్టముక్క చేరుతుంది. తర్వాత రబ్బరు బ్యాండ్, ఆ తర్వాత బ్రౌన్ టేప్. ఛార్జింగ్ పిన్ వదులైపోయి, "అది కాస్త పైకి పట్టుకోరా" అని కుర్రాడికి చెప్పే రోజు వచ్చాక గానీ స్టాండ్ మార్చాలన్న ఆలోచన రాదు.

ఇది ఆ దశకు వచ్చినవాళ్ల కోసం. వందల రూపాయల మడత స్టాండ్ నుంచి వెల్డింగ్ షాపులో చేయించుకునేదాకా ఆరు దారులున్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్టాండ్‌ను ట్యాబ్ చూసి ఎంచుకోకూడదు. కౌంటర్ చూసి, తెర ముందు ఉండే మనిషిని చూసి ఎంచుకోవాలి. ట్యాబ్ నాలుగేళ్లకో ఐదేళ్లకో మారిపోతుంది, కౌంటర్ అంత తొందరగా మారదు.

## ముందు ఇవి తేల్చుకోండి

తెరను ఎవరు ముట్టుకుంటారు? అన్నింటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. క్యాషియర్ ఒక్కరే ముట్టుకుంటారా, కస్టమర్ కూడా ముట్టుకోవాలా, కస్టమర్ చూస్తే చాలా? ఆన్‌లైన్‌లో దొరికే గిర్రున తిరిగే స్టాండ్లలో చాలా భాగం అమెరికా అలవాట్లకు తయారైనవి. అక్కడ స్క్వేర్ కంపెనీ 2013లో ఐప్యాడ్ కోసం స్టాండ్ తెచ్చింది. దాన్ని కస్టమర్ వైపు తిప్పితే వాళ్లు సంతకం చేసి, టిప్ ఎంతో నొక్కి, మళ్లీ ఇటు తిప్పేవాళ్లు. మన షాపుల్లో ఆ పని లేదు. కస్టమర్ ఫోన్ తీస్తారు, క్యూఆర్ స్కాన్ చేస్తారు, సౌండ్ బాక్స్ అరుస్తుంది, అంతే. తెర ఆయనకు కనపడితే చాలు, చేతికి అందక్కర్లేదు. ఈ ఒక్క తేడా గమనిస్తే సగం ఖర్చు తగ్గుతుంది.

ఫోన్ నంబర్ కస్టమర్ చేతే కొట్టించాలనుకునే షాపులు కొన్ని ఉన్నాయి. నంబర్ ఇస్తేనే బిల్లు ఇస్తామని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే వ్యాపారులకు సూచించింది. కాబట్టి నంబర్ కొట్టించడం కోసమే తిరిగే స్టాండ్ పెట్టడంలో అర్థం లేదు.

కౌంటర్ పైన ఏముంది? ప్లైవుడ్ మీద సన్‌మైకా అయితే ఏదైనా బిగించొచ్చు. గ్రానైట్ అయితే డైమండ్ బిట్‌తో, నీళ్లు పోస్తూ కన్నం పెట్టాలి. మార్బుల్ పనివాళ్లకు అది మామూలు పనే, ఎలక్ట్రీషియన్ చేతికి మాత్రం ఇవ్వకండి. గాజు కౌంటర్ అయితే ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోవాలి: టఫెన్డ్ గ్లాస్‌కు ఒకసారి టెంపరింగ్ (వేడి చేసి గట్టిపరచడం) అయ్యాక కన్నం పెట్టలేం, డ్రిల్ తగిలిందంటే మొత్తం పలక ముక్కలైపోతుంది. గాజు అంచుకు క్లాంప్ బిగించడం కూడా అంత మంచిది కాదు. షాపు అద్దెదైతే ఇంటి ఓనర్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వేలితో నొక్కితే ఆగుతుందా? దీనికి చిన్న లెక్క ఉంది. స్టాండ్, ట్యాబ్ కలిపి కిలో బరువు అనుకుందాం. అడుగు పలక ముందు నుంచి వెనక్కి 15 సెం.మీ. బరువు సరిగ్గా మధ్యలో పడితే వెనక అంచు దాకా 7.5 సెం.మీ. క్యాషియర్ వేలు తగిలేది కౌంటర్ మీద 25 సెం.మీ. ఎత్తులో. 7.5ని 25తో భాగిస్తే 0.3 వస్తుంది. అంటే ఆ ఎత్తులో వెనక్కి 300 గ్రాముల తోపు పడితే చాలు, ముందు అంచు లేస్తుంది. రద్దీలో విసుగ్గా రెండుసార్లు పొడిస్తే 300 గ్రాములు దాటడం ఎంతసేపు?

అదే అడుగున కిలోన్నర ఇనుము చేరిస్తే మొత్తం రెండున్నర కిలోలై 750 గ్రాముల తోపు దాకా నిలబడుతుంది. బరువు పెంచకుండా అడుగు పలకను 25 సెం.మీ. చేసినా 500 గ్రాముల దాకా వస్తుంది, కానీ కౌంటర్ మీద జాగా పోతుంది. ట్యాబ్‌ను కిందికి దించితే రెండూ అక్కర్లేదు. తెర వాలుగా ఉంటుంది కాబట్టి నొక్కినప్పుడు కొంత బలం కిందికే పోతుంది. అది మనకు లాభం. ట్యాబ్ బరువు వెనక్కి వాలి ఉంటుంది. అది నష్టం. ఎంపికకు ఈ మోటు లెక్క సరిపోతుంది.

ఎండ, ఛార్జింగ్. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని యాపిల్ చెబుతుంది. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో ఏసీ లేని షాపులో ఆ హద్దు పొద్దున్నే దాటుతుంది. పైగా బిల్లింగ్ ట్యాబ్ రోజంతా ఛార్జింగ్‌లోనే ఉంటుంది. వేడి, ఎప్పుడూ నిండుగా ఉండే బ్యాటరీ రెండూ కలిస్తే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం పెరుగుతుంది. వెనక మూసేసి నాలుగు వైపులా బిగుతుగా పట్టే ఫ్రేమ్‌లో ట్యాబ్ ఉంటే ఆ ఉబ్బు తెర మీదికే వస్తుంది. వెనక గాలి ఆడే కన్నాలు, రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాల్సిందే. శామ్‌సంగ్ ట్యాబ్‌లలో ఛార్జింగ్‌ను వంద దాకా పోనివ్వకుండా ఆపే సెట్టింగ్ ఉంది, ఆన్ చేసి పెట్టుకోండి.

తీగలు. పోయేది ముందుగా కేబులే, స్టాండ్ కాదు. పిన్ దగ్గర ప్రతిసారీ వంపు పడితే కేబుల్ పోతుంది, తర్వాత ట్యాబ్ పోర్టే పోతుంది. కేబుల్ స్టాండ్ మెడకు ఒకచోట కట్టి ఉండాలి, లాగుడు పిన్ దాకా పోకూడదు. ట్యాబ్‌కు ఉండేది ఒకే పోర్టు. ఛార్జింగ్ ఎక్కుతూనే ప్రింటర్, స్కానర్ కూడా తీగతో నడవాలంటే మధ్యలో ఒక పోర్టును మూడు నాలుగుగా చేసే హబ్ ఒకటి కావాలి, దానికి స్టాండ్‌లోనో కౌంటర్ కిందో చోటు చూడాలి. బ్లూటూత్ ప్రింటర్ అయితే ఈ గొడవ సగం తగ్గుతుంది.

ఇక దొంగతనం. యజమాని గల్లా దగ్గరే కూర్చునే షాపుకు ఇది పెద్ద టెన్షన్ కాదు. నాలుగు బిల్లింగ్ కౌంటర్లు, షిఫ్టులు, పండగ రద్దీ ఉన్నచోట తాళం ఉండాల్సిందే.

## ఆరు దారులు, ఒక్క చూపులో

| రకం | నొక్కితే ఆగడం | కౌంటర్‌కు కన్నం | తాళం | ట్యాబ్ మారితే | ఖర్చు |
|---|---|---|---|---|---|
| మడత స్టాండ్ | తక్కువ | అక్కర్లేదు | లేదు | ఇబ్బంది లేదు | వందల్లో |
| బరువైన అడుగు స్టాండ్ | బాగుంటుంది | అక్కర్లేదు | సాధారణంగా లేదు | ఇబ్బంది లేదు | మధ్యస్థం |
| తాళం ఫ్రేమ్, తిరిగే మెడ | బాగుంటుంది | కొన్నిటికి కావాలి | ఉంది | ఫ్రేమ్ మార్చాలి | ఎక్కువ |
| క్లాంప్, వంగే మెడ | ఊగుతుంది | అక్కర్లేదు | లేదు | ఇబ్బంది లేదు | వందల్లో |
| బోల్టు కొట్టిన స్తంభం | చాలా గట్టి | తప్పదు | పెట్టించుకోవచ్చు | పై పలక మారిస్తే చాలు | ఎక్కువ |
| చేయించుకున్నది | మీరు చెప్పినంత | మీ ఇష్టం | మీ ఇష్టం | డ్రాయింగ్‌ను బట్టి | ఒకటైతే ఎక్కువ, పదైతే తక్కువ |

## మడత స్టాండ్, క్లాంప్ మెడ

ఈ రెండింటి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మడత స్టాండ్ వీడియోలు చూడటానికి తయారైంది. రోజుకు మూడు వందల బిల్లులు కొట్టడానికి కాదు. దాని కీలు వదులవడం ఖాయం, అది ఎన్ని నెలలకన్నదే తేడా. వంగే మెడ ఉన్న క్లాంప్ అయితే నొక్కిన ప్రతిసారీ తెర వెనక్కి పోయి మళ్లీ ముందుకు వస్తుంది. ఒక బటన్ నొక్కబోతే పక్కది పడుతుంది, పరిమాణం 1 బదులు 11 పడి కస్టమర్‌తో మాటా మాటా వస్తుంది.

వీటికీ ఒక చోటు ఉంది. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా జనవరిలో మొదలయ్యే నుమాయిష్‌లో స్టాల్ పెట్టేవాళ్లు, పండగ సీజన్‌లో టపాకాయల షాపు వేసేవాళ్లు, వీకెండ్ సంతల్లో పచ్చళ్లు అమ్మేవాళ్లు వీటినే కొనుక్కోవచ్చు. రాత్రికి మడిచి బ్యాగులో వేసుకుని వెళ్లిపోతారు, తాళం గొడవ లేదు. వాళ్లకైనా వంగే మెడ కన్నా రెండు కీళ్ల మెటల్ మడత స్టాండే మేలని నా లెక్క.

## బరువైన అడుగు స్టాండ్

చిన్న, మధ్య తరగతి షాపులకు నేను మొదట చెప్పేది ఇదే. కింద ఇనుప పలక, పైన పొట్టి మెడ, ట్యాబ్‌ను రెండు వైపులా పట్టే స్ప్రింగ్ దవడ. కన్నం పెట్టక్కర్లేదు, గాజు మీదైనా పనికొస్తుంది, షాపు సర్దేటప్పుడు ఎత్తి పక్కన పెట్టొచ్చు.

కొనేటప్పుడు ఫొటో చూసి మోసపోకండి. వివరాల్లో బరువు ఎంత రాశారో చూడండి. స్టాండ్ ఒక్కటే కిలోన్నరకు తక్కువైతే పక్కన పెట్టేయండి. అడుగున రబ్బరు పాదాలు అంటించినవా, స్క్రూతో బిగించినవా? అంటించినవి మన వేడికి జిగురు కరిగి జారిపోతాయి, కౌంటర్ మీద నల్ల మరక మిగులుతుంది. మెడ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. నిలబడి బిల్లు కొట్టేవాళ్లకు ట్యాబ్ దాదాపు కౌంటర్‌ను ఆనుకుని, వాలుగా ఉంటే చేయి నొప్పెట్టదు. కూర్చుని కొట్టేవాళ్లకు తెర కాస్త నిటారుగా ఉండాలి. ఎంత వాలు కావాలో తెలియకపోతే నాలుగు రోజులు బిల్లు పుస్తకాలు పేర్చి, వాటికి ట్యాబ్ ఆనించి చూడండి. పైన ట్యూబ్‌లైట్ తెరలో ఎక్కడ మెరుస్తుందో కూడా అప్పుడే బయటపడుతుంది.

దీని లోపం తాళం లేకపోవడం, తీగ బయటికి వేలాడటం. తీగకు మందు ఉంది: వంపు తిరిగిన పిన్ ఉన్న కేబుల్ కొని, మెడకు రెండు చోట్ల జిప్ టై వేయండి. తాళానికి మందు లేదు. ఐప్యాడ్‌కు గానీ మామూలు ఆండ్రాయిడ్ ట్యాబ్‌కు గానీ ల్యాప్‌టాప్‌లలో ఉండే తాళం రంధ్రం ఉండదు కాబట్టి, ట్యాబ్‌కు తాళం వేయాలంటే ఫ్రేమ్‌లో మూయడం ఒక్కటే దారి.

## తాళం ఫ్రేమ్, తిరిగే మెడ

మాల్‌లో షాపులు, బట్టల షోరూమ్‌లు ఎక్కువగా ఇటే మొగ్గుతాయి. చూడటానికి బాగుంటుంది, హోమ్ బటన్ కూడా కప్పేసి కుర్రాళ్లు యూట్యూబ్ పెట్టకుండా చేస్తుంది, గోడకో కౌంటర్‌కో బిగిస్తే ఎత్తుకుపోలేరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫ్రేమ్ ఒకే మోడల్‌కు కొలిచి కోసినదై ఉంటుంది. 2021లో వచ్చిన 9వ తరం ఐప్యాడ్ కొలత 250.6 × 174.1 × 7.5 మి.మీ. మరుసటి ఏడాది వచ్చిన 10వ తరం 248.6 × 179.5 × 7 మి.మీ. అయిదు మిల్లీమీటర్ల చిల్లర తేడాకే పాత ఫ్రేమ్‌లో కొత్త ట్యాబ్ పట్టదు. పట్టించినా పాత హోమ్ బటన్ చోట ఇప్పుడు బటనే లేదు, ముందు కెమెరా పొట్టి అంచు నుంచి పొడుగు అంచుకు మారింది, లైట్నింగ్ పిన్ పోయి యూఎస్‌బీ-సీ వచ్చింది. ఆండ్రాయిడ్ వైపూ ఇదే కథ: శామ్‌సంగ్ ట్యాబ్ ఏ8 246.8 × 161.9 మి.మీ. అయితే, ఏ9 ప్లస్ 257.1 × 168.7 మి.మీ. ట్యాబ్ పాడైన రోజు స్టాండ్ కూడా పాడైనట్టే.

అందుకని ఈ రకం కొనేవాళ్లు మెడకు, ఫ్రేమ్‌కు మధ్య ఏముందో అడగాలి. నాలుగు మూలలా నాలుగు స్క్రూ కన్నాలు, మధ్య దూరం 75 × 75 లేదా 100 × 100 మి.మీ. ఉంటే అది వెసా కొలత. టీవీలు, మానిటర్లు గోడకు బిగించేది కూడా దీనితోనే. అలా ఉంటే రేపు ఫ్రేమ్ ఒక్కటే మార్చుకోవచ్చు, మెడ, అడుగు అలాగే ఉంటాయి. మెడ, ఫ్రేమ్ కలిపి ఒకే పోతగా వచ్చినదైతే ఎంత అందంగా ఉన్నా వద్దంటాను.

తిరగడం గురించి ఇంకొక్క మాట. 180 డిగ్రీలు తిరిగే మెడలో తీగ కూడా దాంతో తిరుగుతుంది. తిరగడానికి హద్దు లేకపోతే ఒకే వైపు తిప్పీ తిప్పీ తీగ మెలిపడి తెగుతుంది. మెడను ఒక చోట ఆపే పిన్ ఉందో లేదో కొనేముందు చేత్తో తిప్పి చూడండి. కస్టమర్‌కు క్యూఆర్ చూపించడమే పని అయితే కుడికో ఎడమకో 90 డిగ్రీలు తిరిగితే చాలు. క్యూఆర్ ఎంత దూరం నుంచి స్కాన్ అవుతుందన్నదానికి మోటు లెక్క: దాని వెడల్పుకు పదింతలు. తెర మీద 5 సెం.మీ. కోడ్ అయితే అర మీటరు దూరం నుంచి పడుతుంది. కౌంటర్ అంతకన్నా వెడల్పైతే స్టాండ్ మార్చే ముందు యాప్‌లో కోడ్ సైజు పెంచండి, పైసా ఖర్చు లేదు.

## బోల్టు కొట్టిన స్తంభం

సూపర్ మార్కెట్ లైన్లకు ఇదే సరైనది. పైపు కౌంటర్‌లోంచి కిందికి దిగుతుంది, కింద వాషర్, నట్టు పడతాయి, తీగ పైపు లోపలి నుంచే పోతుంది. పైపు లోపలి వెడల్పు కనీసం 20 మి.మీ. ఉండేలా చూసుకోండి. అంతకన్నా సన్నదైతే కేబుల్ పట్టినా పిన్ తల పట్టకపోవచ్చు. అప్పుడు కేబుల్ కోసి అతికించడం మొదలవుతుంది, అది వద్దు.

ఒకే స్తంభానికి పైన ట్యాబ్, పక్కన కస్టమర్ వైపు చిన్న తెర, కింద ప్రింటర్ పలక పెట్టించుకోవచ్చు. థర్మల్ ప్రింటర్ ఏదో ముందే తేల్చుకోండి. 58 మి.మీ. కాగితం ప్రింటర్‌కు, 80 మి.మీ. దానికి పలక సైజు వేరు. కన్నం పెట్టాక చోటు మార్చాలంటే కుదరదు కాబట్టి, మొదట అదే చోట బరువైన స్టాండ్ ఒకటి నెలరోజులు పెట్టి చూడటం మంచిది. గల్లా పెట్టె తెరిచినప్పుడు మోచేయి తగులుతోందా, కౌంటర్ మీద సంచి పెడితే తెర మూసుకుపోతోందా అన్నవి డ్రాయింగ్‌లో కనపడవు.

## చేయించుకోవడం

అసలు చర్చ ఇక్కడ ఉంది. రెడీమేడ్ ఏదీ కుదరనప్పుడు, లేదా అయిదారు కౌంటర్లకు మించి కావాల్సినప్పుడు చేయించుకోవడమే లాభం. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడలో ఆటోనగర్, విశాఖలో గాజువాక వైపు లేజర్ కటింగ్, షీట్ బెండింగ్ చేసే షెడ్లు దొరుకుతాయి. అక్కడ చెప్పాల్సింది ఇది: 1.6 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) షీట్, అంటే వాళ్ల మాటలో 16 గేజ్, లేజర్‌తో కోసి, వంచి, పౌడర్ కోటింగ్ వేయాలి. అడుగుకు 200 × 200 × 6 మి.మీ. ఇనుప పలక. ఆ పలక ఒక్కటే 1.9 కిలోలు తూగుతుంది. పైన చెప్పిన తోపు లెక్కలో దానికదే సరిపోతుంది, బోల్టు అక్కర్లేదు.

సముద్రం దగ్గర షాపైతే ఎం.ఎస్. మీద కోటింగ్ గీసుకుపోయిన చోటల్లా తుప్పు మొదలవుతుంది. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీల్ చెప్పండి, 304 గ్రేడ్ అని నొక్కి చెప్పండి. 202 గ్రేడ్ చౌకే గానీ ఉప్పుగాలికి దానికీ మరకలు వస్తాయి.

అక్రిలిక్ పని తక్కువలో అయిపోతుంది. నేమ్ బోర్డులు చేసేవాళ్లే వంచి ఇచ్చేస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ వంచిన చోట లోపల ఒత్తిడి ఉండిపోతుంది, దాని మీద రోజూ శానిటైజర్‌తో తుడిస్తే సన్నటి పగుళ్లు పుట్టి ఒక రోజు పుటుక్కుమంటుంది. అక్రిలిక్ పెట్టినవాళ్లు తడిగుడ్డతో తుడవాలి, స్పిరిట్ తగలనివ్వకూడదు. ఈ మాట షాపులో తుడిచే మనిషికి తెలియాలి, ఓనర్‌కు తెలిస్తే సరిపోదు.

త్రీడీ ప్రింట్ నమూనా చూసుకోవడానికి చాలా బాగుంటుంది. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన తెలంగాణ ప్రభుత్వ నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ ఉన్నది ఇలాంటి నమూనాల కోసమే. రోజువారీ వాడకానికైతే ఏ ప్లాస్టిక్ అన్నది చూడాలి. అందరూ వాడే పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండ నేరుగా పడే అద్దం పక్కన వంగిపోతుంది. పీఈటీజీ 80 దాకా ఓర్చుకుంటుంది.

నాకు అన్నింటికన్నా నచ్చినది, ఎవరూ పెద్దగా అడగనిది: వడ్రంగి చేత 18 మి.మీ. ప్లైతో ఏటవాలు పెట్టె చేయించుకోవడం. పాత రోజుల్లో గుమాస్తాల ముందు ఉండే వాలు డెస్కు లాంటిదే, చిన్న సైజులో. కౌంటర్‌కు వేసిన సన్‌మైకానే దానికీ వేయిస్తారు. వాలు ముందే తేల్చుకున్నారు కాబట్టి కీలు అక్కర్లేదు, కీలు లేదు కాబట్టి వదులయ్యేది ఏమీ లేదు. లోపల బోలుగా ఉంటుంది, హబ్, మిగులు కేబుల్ అందులోకి పోతాయి. అడుగున రెండు కిలోల ఇనుప ముక్క. వెనక గాలికి కన్నాలు. ముందు అంచున ట్యాబ్ జారకుండా చిన్న బీడింగ్, ఛార్జింగ్ పిన్ వచ్చే చోట గాడి. కొత్త ట్యాబ్ వస్తే బీడింగ్ విప్పి జరపడమే.

దీనికి తాళం ఉండదు, మాల్ షోరూమ్‌లో పెడితే మోటుగా కనపడొచ్చు. బేకరీ, స్వీటు షాపుల్లో నెయ్యి చేతులు, తడిగుడ్డ పడే చోట ప్లై అంచులు ఉబ్బుతాయి, అక్కడ స్టీలే మేలు.

చేయించేటప్పుడు కొలతలు ట్యాబ్ డబ్బా మీద చూసి ఇవ్వకండి. కవర్ వేసే వాడతారా? అయితే కవర్‌తో సహా కొలవండి. పిన్ దూర్చడానికి పక్కన 25 నుంచి 30 మి.మీ. ఖాళీ వదలండి. వాల్యూమ్, పవర్ బటన్‌ల మీద ఫ్రేమ్ అంచు నొక్కుకోకూడదు, లేకపోతే ట్యాబ్ దానంతటదే ఆఫ్ అవుతుంటుంది, లోపం ఎక్కడుందో తెలియక యాప్ కంపెనీకి ఫోన్లు చేస్తుంటారు.

## మీ షాపు ఏదైతే ఏది

కిరాణా షాపు, ఒకే కౌంటర్, గల్లా దగ్గర మీరో మీ వాళ్లో ఉంటారు: వడ్రంగి పెట్టె లేదా బరువైన అడుగు స్టాండ్. వేరే ఆలోచన వద్దు.

మెడికల్ షాపుల్లో ఎక్కువగా గాజు కౌంటరే, అదీ సన్నగా ఉంటుంది, మందుల స్ట్రిప్పులన్నీ దాని మీదే పరుస్తారు. కన్నం వద్దు, పెద్ద అడుగూ వద్దు. పై ఆరింటిలో లేనిదొకటి, కౌంటర్ వెనక ర్యాక్‌కో గోడకో వెసా పలకతో బిగించే మడత చేయి, ఇక్కడ నప్పుతుంది. క్లాంప్ వంగే మెడలా ఊగదు, రెండు కీళ్లతో ఇటూ అటూ జరుగుతుంది. గోడకు బిగించేది ఇటుక గోడకైతేనే, జిప్సమ్ బోర్డుకు వద్దు.

బట్టల షోరూమ్, మూడు నాలుగు కౌంటర్లు, దసరాకీ సంక్రాంతికీ ఇసుకేస్తే రాలనంత జనం: తాళం ఫ్రేమ్, వెసా పలక, 90 డిగ్రీలు తిరిగే మెడ. ఇక్కడ డబ్బు పెట్టడం దండగ కాదు.

బేకరీ, స్వీటు షాపు, కర్రీ పాయింట్: స్టెయిన్‌లెస్ స్టీలు, మూలల్లో పిండి, చక్కెర ఇరుక్కోకుండా గుండ్రటి వంపులు. వెనక కన్నాలు ఉండాలి గానీ అవి కిందికి చూస్తూ ఉండాలి, లేకపోతే పిండి, చక్కెర లోపలికి పడి చీమలు చేరతాయి.

అమెరికాలో గ్రాసరీ, గ్యాస్ స్టేషన్, మోటెల్ నడిపే మనవాళ్లకు లెక్క వేరు. అక్కడ కస్టమర్ నిజంగానే తెర ముట్టుకుంటాడు, కాబట్టి తిరిగే మెడ పనికొస్తుంది. పైగా వికలాంగుల హక్కుల చట్టం, ఏడీఏ, కొలతలు ఉన్నాయి: అమ్మకపు కౌంటర్‌లో వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు కేటాయించిన భాగం నేల నుంచి 36 అంగుళాలు దాటకూడదు, చేత్తో నొక్కాల్సినది ఏదైనా 48 అంగుళాల లోపు ఉండాలి. ఎత్తైన కౌంటర్ మీద పొడుగు మెడ స్టాండ్ పెడితే ఆ హద్దు సులువుగా దాటిపోతుంది. టేప్ పెట్టి కొలిచాకే ఆర్డర్ ఇవ్వండి.

## ఆర్డర్ ఇచ్చే ముందు

షాపులో చూసే అవకాశం ఉంటే కూరగాయలు తూచే స్ప్రింగ్ త్రాసు ఒకటి పట్టుకెళ్లండి. స్టాండ్‌లో ట్యాబ్ పెట్టి, తెర పై అంచుకు కొక్కెం తగిలించి వెనక్కి మెల్లగా లాగండి. అర కిలో లోపే ముందు పాదాలు లేస్తే వద్దు. తర్వాత తెర నాలుగు మూలలా నొక్కి చూడండి. చాలా స్టాండ్లు మధ్యలో నొక్కితే ఆగుతాయి, కుడి మూల నొక్కితే తిరిగిపోతాయి. బిల్లింగ్ యాప్‌లలో "సేవ్", "ప్రింట్" బటన్లు తరచూ ఉండేది ఆ మూలలోనే.

చాలా షాపులున్నవాళ్లు ఒకేసారి అన్నింటికీ చేయించకండి. ఒకటి చేయించి, ఎక్కువ బిల్లులు పడే షాపులో ఒక పండగ సీజన్ దాటనివ్వండి. క్యాషియర్ దానికి ఏం అంటించాడో, ఎక్కడ కాగితం మడిచి పెట్టాడో ఫొటో తీసుకోండి. మార్చాల్సినవన్నీ అందులోనే కనపడతాయి. ఆ మార్పులు చేయించాక మిగతావి ఆర్డర్ ఇవ్వండి. లేజర్ కటింగ్‌కు వాడిన డ్రాయింగ్ ఫైల్, స్క్రూల సైజులు, పౌడర్ కోటింగ్ రంగు నంబర్ మీ దగ్గర కూడా ఉండాలని ముందే మాట్లాడుకోండి. అవి షెడ్ వాళ్ల దగ్గరే ఉండిపోతే, రెండేళ్ల తర్వాత కొత్త షాపు తెరిచేటప్పుడు మళ్లీ టేపు పట్టుకుని కొలతల నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.